పొగమంచులో చెప్పిన స్తోత్రం

ఆ ఇంటికి ఇద్దరు కోడళ్ళు. అత్తగారు కన్నుమూసింది, ఇంటి మధ్య గోడ లేచింది, చేను మధ్య గట్టు లేచింది, ఆ తర్వాత పలకరింపులు కూడా ఆగిపోయాయి. అయినా ఊరివాళ్ళ నోట్లో వాళ్ళ పేర్లు మారలేదు. ఒకావిడ పెద్దకోడలు, ఇంకొకావిడ చిన్నకోడలు.

చిన్నకోడలిది ముక్కుసూటి మాట. కూర ఎలా ఉందని అడిగితే ఉప్పెక్కువైందని చెప్పేస్తుంది, వండింది ఎవరో చూడదు. పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా భర్త పక్కనే నిలబడి, ఆమె నోరు తెరిచేలోపే తాను నాలుగు మంచి మాటలు చెప్పేసి గండం గట్టెక్కించేవాడు. అలాంటి చిన్నకోడలికి ఆ శరత్కాలంలో పెద్ద చిక్కొచ్చి పడింది. అందరి ముందూ నిలబడి దేవుడికి కృతజ్ఞతలు చెప్పాలి.

వాళ్ళ చర్చిలో కోతలు మొదలయ్యే ఆదివారం ఒక కుటుంబం తమ చేనిలో విరిచిన మొక్కజొన్న కండెల మొదటి బుట్ట తెచ్చి బల్ల ముందు పెడుతుంది. పెట్టి, ఆ ఏటి పంటకు స్తోత్రం చెబుతుంది. కాగితం చూసి చదవకూడదు. పాస్టరు అయ్యగారు వెనకనుంచి అందించకూడదు. సొంత నోటితో సొంత మాట చెప్పాలి. ఒక బెంచీ తర్వాత ఇంకో బెంచీకి వంతు వస్తుంది. ఈ ఏడు అది కిటికీ పక్క బెంచీకి వచ్చింది. అంటే వీళ్ళకి.

మరో ఏడాదైతే ఆమె చీకూచింతా లేకుండా కూర్చునేది. భర్త ప్రార్థన మొదలుపెడితే ఒళ్ళో పిల్లలు నిద్రపోయి, లేచి, మళ్ళీ నిద్రపోయేవారు. వానకీ ఎండకీ, ఎద్దుకీ ఎరువుకీ, పార పిడికీ, ఆఖరికి పొలం దారిలో కనబడిన కుందేలుకీ స్తోత్రం చెప్పేవాడు. కానీ ఇప్పుడు అతను మంచం మీద ఉన్నాడు.

దానికి మూలం ఒక నిచ్చెన. పంపకాలప్పుడు గిన్నెలూ గంపలూ అన్నీ పంచుకున్నారుగానీ, ఇంటికి ఉన్న ఒక్క నిచ్చెననూ సగానికి కోసుకోలేక ఉమ్మడిగా ఉంచుకున్నారు. ఒకరోజు అది కనబడలేదు. మీ దగ్గరుందని వీళ్ళు, మీ దగ్గరే ఉందని వాళ్ళు. మాటా మాటా పెరిగింది. "మీ ఇంట్లో ప్రార్థనలెక్కువ, వస్తువు మీద శ్రద్ధ తక్కువ" అంది పెద్దకోడలు. "మీ ఇంట్లో వస్తువులెక్కువ, మనుషుల మీద శ్రద్ధ తక్కువ" అంది చిన్నకోడలు. అన్నదమ్ములిద్దరూ తలలు వంచుకుని చెరో గుమ్మంలోకి వెళ్ళిపోయారు. అయ్యగారు నవ్వించి కలపబోయారు కూడా. "పూర్వం ఒక భక్తుడికి కలలో నిచ్చెన కనబడితే దాని మీద దేవదూతలు ఎక్కుతూ దిగుతూ ఉన్నారట. మీ నిచ్చెన మీద మాత్రం సైతాను ఒక్కడే ఎక్కి కూర్చున్నాడు, దిగమంటే దిగడు" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

వానాకాలంలో వంటింటి కప్పు కారింది. నిచ్చెన లేదు కాబట్టి భర్త నీళ్ళ పీపా మీద ముక్కాలిపీట వేసుకుని ఎక్కాడు. పీట జారింది. నడుము విరిగింది. ఆ రోజు గోడ అవతలనుంచి పరుగెత్తుకొచ్చి, తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్ళింది అన్నగారే. కానీ ఆ తర్వాత ఆయన ఈ గుమ్మం తొక్కలేదు. తొక్కమని వీళ్ళూ అనలేదు. ఆ వానలకే ఏరు పొంగింది. చేనుకు అడ్డదారిగా ఉన్న చెక్కవంతెన కొట్టుకుపోయింది. పల్లంలో ఉన్న వీళ్ళ మొక్కజొన్నలో నీళ్ళు నిలబడ్డాయి. నీళ్ళు వదిలేసిన దాన్ని పురుగు పట్టుకుంది. నీళ్ళు తీశాక చిన్నకోడలు ఒక్కసారి వెళ్ళి చూసింది. ఆకులనిండా చిల్లులు, కండెల మీద పీచు నల్లబడి ముద్దకట్టి ఉంది. వెనక్కి వచ్చి, చేతులు కడుక్కుని, మళ్ళీ అటు పోలేదు. మెరకలో ఉన్న బావగారి చేను చెక్కుచెదరలేదని ఎవరో అన్నారు. వినీ విననట్టు ఊరుకుంది.

ఆ వారం అయ్యగారు ఇంటికొచ్చి, మంచం పక్క కుర్చీలో కూర్చుని, వంతు సంగతి గుర్తుచేశారు.

"చెప్పడానికి ఏముంది అయ్యగారూ? ఈయన నడుమా? నా చేనులో పురుగా?" అంది చిన్నకోడలు.

"ఏముందో వెతుకమ్మా. దొరక్కపోతే దొరకలేదనే చెప్పు. అబద్ధం మాత్రం చెప్పకు. అబద్ధపు స్తోత్రాలు దేవుడికి కొత్తేం కాదుగానీ, పొద్దున్నే వినాలంటే ఎవరికైనా కష్టమే."

"వేరే వాళ్ళకి ఇవ్వకూడదా వంతు?"

"ఇవ్వచ్చు. ఆ బెంచీలో మీ తర్వాత కూర్చునేది ఎవరో నీకు తెలుసుగా."

తెలుసు. బెంచీకి అటు చివర పెద్దకోడలు కూర్చుంటుంది. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ ఉంటుంది. అక్కడ ఎవరూ కూర్చోరు.

"అక్కర్లేదు, నేనే చెబుతాను" అంది.

చెబుతానని అనేసిందేగానీ, ఆ రోజునుంచి ఆమెకు లోపల ఒకటే గొడవ. గిన్నెలు తోముతూ మొదలుపెట్టేది, "తండ్రీ, నీకు స్తోత్రం, ఎందుకంటే..." అక్కడే ఆగిపోయేది. ఆ 'ఎందుకంటే' తర్వాత ఏ మాట పెట్టినా నోట్లో ఇసుక పడినట్టు ఉండేది. దేవుడి మందిరంలో నిలబడి, తన మనసులో లేని మాట చెప్పడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టే. చెప్పకుండా నిలబడితే భర్త ముఖం చిన్నబోతుంది. ఏం చెయ్యాలి?

శనివారం తెల్లారేసరికి ఊరు లేదు. తలుపు తీస్తే గుమ్మం ముందు మెట్టు ఉంది, మెట్టు తర్వాత తెలుపు ఉంది. పాలు పొంగి, గిన్నె దాటి, పొయ్యి దాటి, వీధులన్నీ పరుచుకున్నట్టు పొగమంచు. ఎవరో దగ్గారు, ఎవరిదో తలుపు కిర్రుమంది. ఆ చప్పుళ్ళు మనుషుల్లేకుండా తిరుగుతున్నట్టు ఉన్నాయి.

చిన్నకోడలు బుట్ట తీసుకుంది. కండె మీది పొర చీల్చే కొయ్యముల్లును తాడుతో కుడిచేతి వేలికి కట్టుకుంది. పెళ్ళైన కొత్తలో భర్త చెక్కి ఇచ్చిన ముల్లు అది. వాడి వాడి ఆమె వేలి వంపుకు సరిగ్గా ఒదిగిపోయింది.

"ఈ మంచులోనా? కళ్ళేం కనబడతాయి?" అన్నాడు భర్త మంచం మీదనుంచి.

"చేతులు కనబడితే చాలు."

"ఒక్క బుట్టే కదా. పురుగు తినంది చూసి తే."

"పురుగు తినంది దొరికితే ముందు దానికే మొక్కుతాను" అంటూ గుమ్మం దిగింది.

చెక్కవంతెన లేదు కాబట్టి పిండిమర వైపునుంచి చుట్టుతిరిగి, మెరక దారిన పోవాలి. ఆ దారిని ఆమె నడిచి చాలా కాలమైంది. అది బావగారి చేను మీదుగా పోయే దారి. నడుస్తుంటే అడుగు వేసినంత మేరే నేల ఏర్పడుతోంది, అడుగు తీయగానే మాయమవుతోంది. పిండిమర గోడ ఒకటి ఎదురొచ్చి, ఆమెను తాకుతూ పక్కనుంచి వెళ్ళిపోయింది. రాత్రంతా భర్తను అటూ ఇటూ తిప్పి పడుకోబెడుతూ పోగొట్టుకున్న నిద్ర కళ్ళల్లోనే ఉంది. నడుస్తోందో, నడుస్తున్నట్టు కలగంటోందో ఆమెకే సరిగ్గా తెలియలేదు. కాసేపటికి మొక్కజొన్న ఆకులు చెంపలకు తగిలాయి. లోపలికి దూరి నడిచింది. ఒకచోట కాలికింద మెరక తగిలి, మళ్ళీ పల్లమైంది. గట్టు దాటాననుకుంది. సాళ్ళ మధ్య గుమ్మడి తీగ పాదానికి చుట్టుకుంది. అత్తగారు నేర్పిన పద్ధతి, మొక్కజొన్న సాళ్ళ నడుమ గుమ్మడి పాకించడం. ఇక అనుమానం లేదు, మన చేనే.

చెయ్యి చాచి మొదటి కండె పట్టుకుంది. ఏం లేదని తెలిసి పట్టుకునే పట్టు అది, మర్యాదకి. కానీ అరచెయ్యి నిండింది.

ముల్లుతో పైపొర చీల్చి, రెండు పక్కలకీ లాగి చూసింది. బొటనవేలితో అడుగునుంచి కొసదాకా తడిమింది. గింజ పక్కన గింజ, సందు లేకుండా, గట్టిగా, చల్లగా, మంచుతో తడిసి. మెడ పట్టి కిందికి వంచి తిప్పితే కటుక్కున విరిగింది. ఆ చప్పుడు మంచులో చాలాసేపు నిలబడింది.

రెండోది కూడా అంతే. ఆ పక్కది ఇంకా పెద్దది.

ఆమె ఆగిపోయింది. తన కళ్ళతో చూసిన చేను ఇది. చిల్లుల ఆకులు, ముద్దకట్టిన పీచు. మరి ఇదెలా? నీళ్ళు తీశాక మట్టి సారం పెరిగిందా? పురుగు తిన్నది తిని మిగతాది వదిలేసిందా? తాను రాని ఈ రోజులన్నీ, తాను అలిగి ఇంట్లో కూర్చున్న ఈ రోజులన్నీ, ఎవరో ఇక్కడికి వచ్చి ఒక్కో కండెనూ అరచేతిలో పట్టుకుని నింపి వెళ్ళారా?

ఒక్క బుట్ట కోసం వచ్చిన మనిషి బుట్ట నిండాక కూడా ఆగలేదు. విరిచినవి సాళ్ళ మధ్య కుప్పలు పోస్తూ పోయింది. చీల్చడం, లాగడం, వంచడం, తిప్పడం. ఎండుటాకులు చెవి దగ్గర గుసగుసలాడుతున్నాయి. మంచు జుట్టుమీద పేరుకుని, కనుబొమ్మలనుంచి జారి పెదాల మీదికి వస్తోంది. ఎప్పుడు మొదలైందో తెలియదు, అత్తగారు కండెలు వలుస్తూ తీసే కూనిరాగం ఆమె గొంతులోంచి వస్తోంది. మాటల్లేని రాగం. అత్తగారే పక్క సాలులో ఉన్నట్టు, తాను ఆపితే ఆవిడ అందుకుంటున్నట్టు అనిపించింది. భయం వేయలేదు.

తల ఎత్తి చూసింది. ఎదురుగా, కాస్త దూరంలో, తెలుపులో మసకగా ఒక మనిషి. రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. కదలడు, పిలవడు. ఎంతసేపటినుంచో ఎదురుచూస్తున్నట్టు, రమ్మన్నట్టు.

చిన్నకోడలు తడి మట్టిలో, గుమ్మడి ఆకుల మధ్య మోకరించింది. ఇన్ని రోజులూ 'ఎందుకంటే' దగ్గర ఆగిన మాట ఆగకుండా వచ్చేసింది.

"తండ్రీ, నీకు స్తోత్రం. ఈ చేను నిండింది. నేను చూడని రోజుల్లో నువ్వు చూశావు. దీన్ని విత్తిన చేతుల్ని దీవించు, దీన్ని తినే నోళ్ళని దీవించు. నాకింకేమీ వద్దు. ఇదిలా ఉంది, అది చాలు. నీకు స్తోత్రం, నీకు స్తోత్రం."

ఏడ్చింది కూడా. చీరకొంగుతో ముఖం తుడుచుకుంటుంటే వెలుగు మారింది. గాలి చిన్నగా తోసింది. తెలుపు పలచబడి, ముందు ఆకుల కొసలు బయటపడ్డాయి, తర్వాత సాళ్ళు, తర్వాత ఎర్ర రేకు కప్పు వేసిన మోటారు గది. ఆ గది తమ చేనులో లేదు.

చేతులు చాచిన మనిషి కూడా తేటపడ్డాడు. కర్రకు తొడిగిన బూడిదరంగు కోటు, తల స్థానంలో బోర్లించిన కుండ. బెదురుబొమ్మ. ఆ కోటు మోచేతి దగ్గర నీలం గుడ్డతో వేసిన మాసిక, దాని చుట్టూ దగ్గర దగ్గరగా పడిన కుట్లు. ఆ కుట్లు ఎవరివో ఆమెకు చూడగానే తెలిసిపోయింది. అందరూ ఒకే కప్పు కింద ఉన్న రోజుల్లో బావగారి కోటుకు తానే వేసింది.

చిన్నకోడలు లేచింది. కుప్పలు చూసింది. తన చేతులు చూసుకుంది. నిండిన చేను బావగారిది. గుమ్మడి తీగ బావగారిది. అత్తగారు పద్ధతి నేర్పింది ఒక్క కొడుక్కేనా, ఇద్దరికీ నేర్పింది. గట్టు అనుకుని దాటింది కాలవ తీసి పోసిన మట్టిదిబ్బ.

"అయిపోయిందా ప్రార్థన?"

బొమ్మ వెనకనుంచి వచ్చింది ఆ గొంతు. పెద్దకోడలు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో రేకు పళ్ళెం.

"అడవిపందులు పడ్డాయనుకున్నా. కటుక్కు కటుక్కుమని ఒకటే చప్పుడు. కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చా. తీరా వస్తే పాట వినబడింది. పందులు పాడవు కదా అని ఆగా" అంది పెద్దకోడలు.

చిన్నకోడలికి భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. "అక్కా, మా చేననుకున్నాను. ఒట్టు. మంచులో..."

"తెలుస్తోందిలే. దొంగతనానికొచ్చిన వాళ్ళు మోకరిస్తారా? అందులోనూ మీ బావగారి కోటుకి."

"అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఒక్కటి కూడా తీసుకెళ్ళను" అంది చిన్నకోడలు. బుట్ట బోర్లించబోయింది.

"ఆగవే. బుట్ట సంగతి సరే. మరి ఆ స్తోత్రం ఏం చేస్తావ్? అది కూడా వెనక్కి తీసుకుంటావా?"

చిన్నకోడలు బుట్టను మళ్ళీ నిలబెట్టింది. కాసేపటి కిందట గుండె నిండా ఉన్నది ఇప్పుడు చేదైంది. వీళ్ళకి నిండింది. మాకు మునిగింది. దీనికా నేను ఏడ్చి మరీ స్తోత్రం చెప్పింది?

పెద్దకోడలు కర్ర కింద పడేసి, ఒక కుప్ప పక్కన కూర్చుంది. కండె ఒకటి చేతిలోకి తీసుకుని ఊరికే తిప్పుతూ ఉంది.

"ఈ చేనుకి ఎవరూ స్తోత్రం చెప్పలేదే. నువ్వే మొదలు" అంది మెల్లగా. "మీ బావగారు రోజూ వస్తారు, చూస్తారు, తల దించుకుని పోతారు. మొన్న అయ్యగారు మంచి పంటండీ అంటే, మొహం అటు తిప్పేసుకున్నారు. కిందచేను మునిగింది, తమ్ముడు మంచాన పడ్డాడు. మాది మాత్రం నిలబడింది. ఏ మొహం పెట్టుకుని స్తోత్రం చెప్పమంటావ్? నోరు తెరిస్తే మిమ్మల్ని వెక్కిరించినట్టు ఉంటుంది. అన్నం ముందు కూర్చుని కూడా ఉత్తినే కళ్ళు మూసుకుంటున్నాం. లోపల ఏమీ అనం."

"మీరూనా?" అంది చిన్నకోడలు, అనుకోకుండా.

"మేమూనే. నిండితే ఒక బాధ, నిండకపోతే ఒక బాధ." కండెను కుప్పలో పడేసింది. "నువ్వు ఇందాక అంటుంటే, దీన్ని విత్తిన చేతుల్ని దీవించు అంటుంటే, నేను ఆ బొమ్మ వెనక నిలబడి ఆమెన్ అనేశా. బయటికి అనలేదులే. అన్నా నీకు వినబడి ఉండదు."

మంచు సాళ్ళ పొడవునా పాకుతూ పల్లానికి జారిపోతోంది.

"నిచ్చెన నా దగ్గర లేదే" అంది పెద్దకోడలు హఠాత్తుగా. "ఉంటే నెత్తిన పెట్టుకుని తెచ్చి ఇచ్చేదాన్ని. మరిది పడిన రోజునుంచీ వెతుకుతూనే ఉన్నా. పశువుల కొట్టంలో గడ్డి అంతా తిరగేశా."

"మా దగ్గరా లేదక్కా."

"మరెటు పోయింది, పాడు నిచ్చెన?"

ఎవరికీ తెలియదు. నవ్వు రాబోయి ఆగింది ఇద్దరికీ.

పెద్దకోడలు కొంగు బిగించి లేచింది. "పద, నీ చేనులో నీ బుట్ట నింపుకుందువుగాని. మందిరానికి ఎవరి కండె వాళ్ళదే పోవాలి."

పల్లంలోకి దిగారు. అక్కడ మొక్కలు మోకాలి పైదాకా బురద చారలతో వంగిపోయి ఉన్నాయి. ఇద్దరూ చెరో సాలు పట్టారు. పది విప్పితే ఒకటి పనికొచ్చేది. అందులోనూ సగం వరసల్లో గింజ లేదు. పెద్దకోడలు ఒక కండె పొర తీసి, పైకెత్తి చూసింది. ఎడం ఎడంగా నాలుగు గింజలు ఉన్నాయి.

"ఇదిగో, అచ్చం మన మామగారు నవ్వినట్టే ఉంది" అంది.

ఈసారి చిన్నకోడలికి నవ్వు ఆగలేదు. పోయిన మామగారు, ఆయన ముందరి పళ్ళు, పెళ్ళి ఫొటోలో ఆయన మూసుకున్న నోరు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. బురదలో నిలబడి ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ కండె కూడా బుట్టలో పడింది.

ఇంటికొచ్చాక భర్తకు అంతా చెప్పింది. ఏదీ దాచడం ఆమెకు రాదు కదా. కోటు దగ్గరికి వచ్చేసరికి అతని పొట్ట కదలడం మొదలైంది.

"అన్నయ్య కోటుకి మోకరించావా?"

"దేవుడనుకున్నానండీ."

"కుండ తలతో?"

"మంచులో ఏం కనబడుతుంది!"

అతను నడుము పట్టుకుని నవ్వాడు. అబ్బా అంటూ, ఆపలేక, మళ్ళీ నవ్వాడు. పడిన తర్వాత ఆ ఇంట్లో ఆ చప్పుడు వినబడటం అదే మొదలు. ఆమె గుమ్మానికి ఆనుకుని అతన్నే చూస్తూ ఉండిపోయింది.

నవ్వు తగ్గాక అతను అడిగాడు. "రేపు ఏం చెప్తావ్?"

"అదే తెలియట్లేదు. పొద్దున చెప్పింది నిజమే, కానీ తెలియక చెప్పాను. మన చేననుకుని చెప్పాను. తెలిశాక మళ్ళీ చెప్పగలనా? చెబితే నిజంగా చెప్పినట్టవుతుందా?"

"ఒక్కటి అడుగుతా, చెప్పు. మంచు తొలగాక అన్నయ్య చేను కూడా మనదాని లాగే మునిగి కనబడి ఉంటే నీకు హాయిగా ఉండేదా?"

ఆమె గిన్నెలో నీళ్ళు పోసింది, కండెల మీది మట్టి కడగసాగింది. ఒక్కో కండెనూ బొటనవేలితో తడుముతూ ఆలోచించింది. పొద్దున అరచెయ్యి నిండినప్పటి బరువు వేళ్ళకు ఇంకా గుర్తుంది. ఆ బరువు తనది కాదని తెలిసింది. అయినా అది తేలికపడలేదు. ఈ లోకంలో ఆ చేను అలా నిండి ఉండటం, మంచులో ఎవరూ చూడకుండా నిండి ఉండటం, అది మంచి సంగతే. ఎవరి పేరు మీదున్నా మంచి సంగతే. కాదని అనబోతే నోట్లో మళ్ళీ ఇసుక పడింది.

"లేదు. హాయిగా ఉండేది కాదు" అంది చివరికి.

"మరింకేం?" అని అతను కళ్ళు మూసుకున్నాడు.

ఆదివారం పొద్దున గుమ్మం ముందు చక్రం కిర్రుమంది. బావగారు. తోపుడు బండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి తెచ్చాడు. లోపలికి వచ్చి, వంగి, తమ్ముణ్ణి రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"మెల్లగా అన్నయ్యా, కండెలా మెడ తిప్పకు" అన్నాడు తమ్ముడు.

"నోరు మూసుకో" అన్నాడు అన్న. అన్నాళ్ళ తర్వాత వాళ్ళ మధ్య నడిచిన మొదటి మాటలు అవే.

చర్చిలో కిటికీ పక్క బెంచీ నిండింది. మధ్య ఖాళీలో బొంతతో సహా తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. కిటికీ అద్దాలకు మంచు పట్టి, వెలుగు పాలలా లోపలికి కారుతోంది. పాట అయింది. అయ్యగారు తల ఊపారు.

చిన్నకోడలు బుట్ట తీసుకెళ్ళి బల్ల ముందు పెట్టింది. ముందు వరసల్లోవాళ్ళు మెడలు చాచి చూశారు. పళ్ళూడిన కండెలు. ఎవరో జాలిగా నిట్టూర్చారు. ఆమె అందరివైపూ తిరిగింది. కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఆ తెలుపు, ఆకుల గుసగుస, చేతులు చాచిన మసక మనిషి. ఈసారి ఆ కోటు ఎవరిదో ఆమెకు తెలుసు. తెలిసినా ఆ మనిషి వెళ్ళిపోలేదు, అక్కడే ఉన్నాడు.

"తండ్రీ" అంది. "ఈ ఏడు మా చేను పండలేదు. ఇది బాగుందని నీతో అనలేను, నువ్వే చూస్తున్నావు కదా. ఉన్నది తెచ్చాను." ఊపిరి తీసుకుంది. "మా బావగారి చేను నిండింది. నిన్న పొద్దున తెలియక దానికి స్తోత్రం చెప్పాను. ఇవాళ తెలిసి చెబుతున్నాను. ఆ చేనును బట్టి నీకు స్తోత్రం. ఆమెన్."

ఆ చర్చిలో అంత చిన్న ప్రార్థన అంతకుముందు ఎవరూ వినలేదు. పిల్లలకు నిద్రపోయే వ్యవధి కూడా దొరకలేదు. అందరూ ఇంకా ఏదో ఉందనుకుని తలలు వంచుకునే ఉన్నారు.

ఆ నిశ్శబ్దంలో కిటికీ పక్క బెంచీ కిర్రుమంది. బావగారు లేచి నిలబడ్డాడు. ఆయన వంతు కాదు, ఆయనకు అలవాటూ లేదు. రెండు చేతులతో ముందు బెంచీ అంచు పట్టుకున్నాడు.

"మా తమ్ముడు..." అన్నాడు. పక్కనున్న తమ్ముణ్ణి చూశాడు. "మా తమ్ముడు నిన్న నవ్వాడు. గోడ అవతలనుంచి విన్నాను. దానికి..."

మిగతాది రాలేదు. కూర్చున్నాడు. పెద్దకోడలు ఆమెన్ అంది. ఈసారి బయటికే అంది, ముందు వరసలదాకా వినబడేటట్టు.

చిన్నకోడలు బెంచీ దగ్గరికి తిరిగి వచ్చింది. కూర్చోడానికి చోటు లేదు. పెద్దకోడలు జరిగి, ఒళ్ళోంచి సంచీ తీసి కింద పెట్టి, "కూర్చోవే, ఎంతసేపు నిలబడతావ్" అంది గుసగుసగా. ఇద్దరూ భుజం భుజం ఒరుసుకుంటూ ఇరుక్కుని కూర్చున్నారు.

ఆ వారమంతా మెరక చేను కోత సాగింది. చిన్నకోడలు వేలికి ముల్లు కట్టుకుని పెద్దకోడలి పక్క సాలులో నడిచింది. మధ్యలో ఒకరు కూనిరాగం ఆపితే ఇంకొకరు అందుకున్నారు. బెదురుబొమ్మను పడుకోబెట్టేటప్పుడు కోటు విప్పి ఇంటికి తెచ్చి, ఉతికి, మాసిక ఊడిన చోట మళ్ళీ కుట్టింది.

నిచ్చెన మాత్రం ఇప్పటిదాకా దొరకలేదు.